రెండు పళ్లేల మీద భావసంధి

ఒక పాట పూర్తిగా వెళ్లిపోలేదు. రెండోది పూర్తిగా రాలేదు. రెండింటి దరువూ ఒక్కటే. ఇదంతా పది పదిహేను సెకన్లు, మహా అయితే అర నిమిషం. వినైల్ రికార్డుల మీద డీజే పని నేర్చుకునేవాళ్లు నెలల తరబడి చెవులు రిక్కించి కూర్చునేది ఈ కాస్త వ్యవధి కోసమే. మన ఆలంకారికులు వినివుంటే దీనికి కొత్త పేరు వెతకాల్సిన పని ఉండేది కాదు. ఒక భావం అణగడం భావశాంతి, మరొకటి తలెత్తడం భావోదయం, రెండూ సమాన బలంతో ఒకేచోట నిలవడం భావసంధి, చాలా భావాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ రావడం భావశబలత. మమ్మటుడు శ్లోకాల్లో చూపించినవాటిని ఇక్కడ రెండు పళ్లేలు, నడుమ ఒక మిక్సర్ పెట్టుకుని వేళ్లతో చేస్తారు. నాకు మిక్సింగ్ అర్థమైంది ఈ దారిలోనే. హాల్లో జనం ఎంత ఊగారన్నది నాకు తర్వాతి సంగతి.

నేను నేర్చుకుంటున్న గది టోలిచౌకిలో, సెవెన్ టూంబ్స్ రోడ్డుకి దగ్గర్లో, మూడో అంతస్తులో ఉంది. ఇటు కుతుబ్‌షాహీ సమాధులు, అటు షేక్‌పేట దాటితే ఫిల్మ్‌నగర్. సినిమావాళ్ల ఊరు ఇంత దగ్గర్లో ఉన్నా, మా పళ్లేల మీద తిరిగే తెలుగు రికార్డుల్లో ఎక్కువ భాగం మద్రాసు శబ్దమే. పరిశ్రమ హైదరాబాదుకి తరలుతున్న కాలంలో కూడా పాటల రికార్డింగ్ చాలాకాలం అక్కడే సాగింది. అది కూడా ఇక్కడికి వచ్చి స్థిరపడేసరికి క్యాసెట్ వచ్చి రికార్డుని పక్కకి నెట్టేసింది. అందుకే ఫిల్మ్‌నగర్‌కి సొంత వినైల్ అంటూ పెద్దగా లేదు. జుమ్మేరాత్ బజార్లో, ఆబిడ్స్ ఆదివారం సంతలో అట్టలు చిరిగి, పాత యజమాని పేరు సిరాతో రాసి ఉండి దొరికేవే మాకు దిక్కు.

ముందు యంత్రం గురించి, మేం డెక్ అనేదాని గురించి, చెప్పాలి. జపాన్‌లో మత్సుషిత సంస్థ టెక్నిక్స్ పేరుతో ఎస్‌ఎల్-1200ని 1972లో తెచ్చింది. లోకమంతా డీజేలు పట్టుకున్నది మాత్రం 1979లో వచ్చిన ఎంకే2ని. పళ్లేన్ని మోటారే నేరుగా తిప్పుతుంది, నడుమ బెల్టు లేదు. మీట నొక్కితే 0.7 సెకనులో పూర్తి వేగం అందుకుంటుంది. చెయ్యి వేసి ఆపినా అడుగున పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు ఒక్కటే నిలుస్తుంది. రెండింటికీ మధ్య పరిచిన పలుచని ఫెల్టు గుడ్డ, స్లిప్‌మ్యాట్, చేసే పని అది. మన ఇళ్లలో ఒకప్పుడున్న హెచ్‌ఎంవీ ఫియెస్టా మీద ఇలా చెయ్యి వేస్తే పాటతో పాటు మోటారూ నీరసించేది. కుడి పక్కన నిలువుగా ఉండే మీట పిచ్ ఫేడర్. మనవైపు లాగితే వేగం పెరుగుతుంది, అవతలికి తోస్తే తగ్గుతుంది. ఎటైనా 8 శాతమే.

ఇక్కడ నన్ను పట్టేసిన లెక్క ఒకటుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 1.8 సెకన్లు. నిమిషానికి 100 దెబ్బల పాటైతే చుట్టుకి సరిగ్గా మూడు దెబ్బలు పడతాయి. ఫేడర్‌ని ఎటు జరిపినా ఆ మూడూ మూడుగానే ఉంటాయి, ఎందుకంటే చుట్టూ దెబ్బా కలిసే పరుగెత్తుతాయి. లేబుల్ మీది బొమ్మ ఏ దిక్కుకి తిరిగినప్పుడు దెబ్బ పడుతుందో కొన్నాళ్లకి కంటికి తెలిసిపోతుంది. మా గురువుకి ఇది నచ్చదు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి ఉస్తాద్ అంటాను. నేను లేబుల్ వంక చూస్తే చాలు, "కాన్ సే దేఖో భాయ్" అంటాడు.

చెవితో చూడటం అంటే ఇదీ: హాల్లో మోగుతున్న పాట ఒక చెవిలోకి, హెడ్‌ఫోన్లో రాబోయే పాట ఇంకో చెవిలోకి. రెండో రికార్డుని వేలితో వెనక్కీ ముందుకీ ఆడిస్తూ మొదటి డ్రమ్ దెబ్బ ఎక్కడుందో గాడిలో పట్టుకోవాలి. మొదటి పాట సమానికి, అంటే ఆవర్తం మొదటి దెబ్బకి, రాగానే వదలాలి. వదిలిన క్షణంలో రెండూ కలిసే ఉంటాయి. నాలుగు ఆవర్తాలు గడిచేసరికి ఒకే దెబ్బ కాస్తా రెండుగా చీలుతుంది. గుర్రపు డెక్కల్లా టకటకమంటుంది. కొత్తవాళ్లకి చీలిందని వెంటనే తెలుస్తుంది. ఏది ముందుకి పోయిందో, ఏది వెనకబడిందో మాత్రం తెలియదు. అసలు విద్య అంతా ఆ చీలికలోనే ఉంది.

ఆ చీలికకీ మన శాస్త్రంలో పేర్లున్నాయి. తాళ దశప్రాణాల్లో గ్రహం ఒకటి. పాట తాళంతో కలిసి మొదలైతే సమం, తాళానికి ముందే మొదలైతే అతీతం, తర్వాత ఎత్తుకుంటే అనాగతం. కచేరీలో అతీతానాగతాలు విద్వాంసుడు కోరి చేసే సొగసులు. డెక్ దగ్గర అవి కోరకుండానే వస్తాయి. అతీతమైతే పళ్లెం అంచుని వేలికొసతో ఒక్కసారి తాకి నెమ్మదింపజేయాలి. అనాగతమైతే లేబుల్ మీద వేలు పెట్టి ముందుకి నెట్టాలి. ఆ తర్వాత ఫేడర్ కూడా ఒక వెంట్రుకవాసి జరపాలి, లేకపోతే నాలుగు ఆవర్తాలకి మళ్లీ అదే కథ. చీలిన దెబ్బ దగ్గరవుతూ, అంచు అంచుకి తగిలి, ఉన్నట్టుండి ఒక్కటై బరువుగా మోగుతుంది. లయవాద్యాల తని ఆవర్తనం చివర ముగింపు కోర్వై సమం మీద వాలినప్పుడు సభలో ఎవరూ చెప్పకుండానే తలలూగుతాయి కదా, ఆ ఆనందపు జాతే ఇదీ. ముందు చీలి ఉండకపోతే ఆ కలయికకి అంత బరువు వస్తుందని నేననుకోను. కంప్యూటర్లో సింక్ బటన్ నొక్కితే చీలికే రాదు. సౌకర్యమే, కాదనను. కానీ రుచి ఎక్కడుందో అక్కడికి అది వెళ్లదు.

విదేశీ డాన్స్ రికార్డులతో నేర్చుకోవడం తేలిక. 1970ల మధ్య నుంచి న్యూయార్క్‌లో డీజేల కోసమే పన్నెండంగుళాల సింగిల్స్ వచ్చాయి. పాటకి ముందూ వెనకా పొడవాటి డ్రమ్స్ ఉంటాయి, కలపడానికి బోలెడంత చోటు. మన సినిమా పాటకి అలాంటి వరండా లేదు. తలుపు తీస్తే నేరుగా పల్లవే. పైగా ఆనాటి పాట మనుషులు కూర్చుని వాయించినది. 'అభిలాష' (1983), 'ఛాలెంజ్' (1984) తీసుకోండి. రెండూ యండమూరి నవలలే, రెండింటికీ ఎ. కోదండరామిరెడ్డి దర్శకుడు, ఇళయరాజా సంగీతం, బాలు, జానకి గొంతులు. ఇళయరాజా బృందంలో పురుషోత్తమన్ డ్రమ్స్‌కీ, శశిధరన్ బేస్ గిటార్‌కీ పేరుపడ్డవాళ్లు. ఆ కాలపు పాటల్ని పక్కపక్కన పెట్టి తిప్పితే, మామూలుగా వింటే తెలియని సంగతి తెలుస్తుంది. పల్లవి నుంచి చరణంలోకి దిగేటప్పుడు లయ రవ్వంత ముందుకి వాలుతుంది. వయొలిన్లు విచ్చుకునేచోట రవ్వంత వెనక్కి ఆనుతుంది. తప్పని ఎవరూ అనరు, పాట ఊపిరి తీస్తోంది అంతే. ఆ ఊపిరి వెంట నా వేలు ఫేడర్ మీద పాట పొడుగునా జరుగుతూ ఉండాలి. ఒకసారి కుదిర్చి వదిలేస్తే సరిపోదు. ఎప్పుడో మద్రాసులో కర్రలు పట్టుకున్న చేతి కదలికని టోలిచౌకిలో నా చెయ్యి అనుసరిస్తుంది. సహృదయుడికి కవి హృదయంతో తాదాత్మ్యం అని పుస్తకాల్లో చదివాను. అది మణికట్టులో జరుగుతుందని ఇక్కడే తెలిసింది.

కలపాల్సిన చోటు పల్లవీ కాదు, చరణమూ కాదు, నడుమ వచ్చే మ్యూజిక్ బిట్. గొంతు మీద గొంతు పడితే రసాభాసే. బాలు మీద బాలు పడితే మరీను. మొదటి పాట బిట్‌లో వయొలిన్లు తగ్గి బేస్, డ్రమ్స్ మిగిలే కొన్ని ఆవర్తాలు దొరుకుతాయి. రెండో పాటని అక్కడ లోపలికి తేవాలి, అదీ బేస్ పూర్తిగా తగ్గించి. ముందు హై-హ్యాట్ ఒక్కటే, సందు చూసుకుని వచ్చినట్టు. తర్వాత మధ్య స్వరాలు. ఇంతవరకూ హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. అప్పుడు ఒక సమం చూసుకుని ఎడమచేత్తో పాత పాట బేస్ తిప్పేసి, కుడిచేత్తో కొత్త పాట బేస్ తెరవాలి. పైన ఇంకా పాత వయొలిన్లే, కింద నేల మాత్రం మారిపోయింది. భావసంధి అంటే నాకు ఇదే. రెండు మూడు ఆవర్తాలపాటు ఏ సినిమాలోనూ లేని పాట ఒకటి గాలిలో ఉంటుంది. దానికి కవి లేడు, సన్నివేశం లేదు.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. ఈ యంత్రం మీద ఇద్దరికీ ఒకే మీట. వేగం దాదాపు 6 శాతం పెంచితే శ్రుతి అర మెట్టు ఎక్కుతుంది, ఒకటో శ్రుతి పాట ఒకటిన్నరలో పడుతుంది. జానకి గొంతు కొంతవరకూ ఓర్చుకుంటుంది. బాలు గొంతుకి 3 శాతం దాటితే వయసు తగ్గిపోతుంది, నాకు నచ్చదు. దరువు కుదిరి శ్రుతులు అర మెట్టు ఎడంగా ఉంటే ఆ కలయిక పంటికింద రాయే. అలాంటప్పుడు వయొలిన్ల వంక చూడకుండా డ్రమ్స్ మీదే దాటేయడం మేలు.

ఇదంతా విని మా వీధిలో ఒకాయన, "డీజే అంటే టిల్లూ కదా?" అన్నాడు. 2022లో వచ్చిన 'డీజే టిల్లు' తర్వాత ఆ ప్రశ్న తప్పదు. మన దగ్గర డీజే అంటే బరాత్ ముందు కదిలే లారీ, దాని మీద స్పీకర్ల గోడ, తీన్మార్ దరువులోకి దింపిన జానపదం. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు కూడా. కిటికీ అద్దాలు వణికిన రాత్రులు గుర్తున్నవాళ్లెవరూ దానికి పెద్దగా బాధపడలేదు. అయినా ఆ లారీ వాళ్లని తక్కువ చేయలేను. ఏ పాటైనా తీన్మార్‌లో పట్టేస్తుందన్న ధైర్యం వాళ్లది. మాలాంటి సున్నితం వాళ్లకి అది రాదు. ఇంకో సరదా సినిమా మాటల రికార్డులది. 'దాన వీర శూర కర్ణ' (1977) దుర్యోధనుడి సంభాషణని ఉస్తాద్ ఒకసారి డిస్కో దరువు మీద వదిలాడు. కొండవీటి వెంకటకవి సమాసాలు, ఎన్టీఆర్ విరుపులు దరువుని లెక్కచేయకుండా సాగి, వాక్యం చివర మాత్రం సమం మీద పడ్డాయి. అంతా యాదృచ్ఛికమే. ఇద్దరం నవ్వాం. రసాభాసం ఒక్కోసారి హాస్యరసం అవుతుందని ఆలంకారికులకి తెలియనిదేం కాదు.

ఇక మర్ఫా. నిజాం సైన్యంలోకి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులూ, ఆఫ్రికా మూలాల సిద్దీలూ తెచ్చిన వాద్యం. బార్కస్, ఏసీ గార్డ్స్ దాని ఇళ్లు. తీన్మార్ పుట్టింది అందులోనే. పెళ్లిళ్ల రోజుల్లో కింది రోడ్డు మీద అది మోగితే నా ఎడమ చెవి హాలు పాటని వదిలేసి అటే పోయేది. ఒక సాయంత్రం ఉస్తాద్ మొదటి డెక్ ఆపేసి కిటికీ తెరిచాడు. "కింద ఉన్నదే ఒక డెక్ అనుకో," అన్నాడు. 'ఛాలెంజ్' రికార్డులో ఒక బిట్ పట్టుకుని వీధిలో దెబ్బతో కలపబోయాను. మొదట కుదిరింది. ఎల్పీలోని డ్రమ్స్, కింద ఢోలు ఒక్కటిగా మోగుతుంటే పాట బరువు మారిపోయింది, వయొలిన్లకి కింద రోడ్డు వచ్చి చేరినట్టయింది. పెళ్లికొడుకు ఫంక్షన్ హాలు గేటుకి దగ్గరయ్యేకొద్దీ వాయించేవాళ్లకి ఊపొచ్చింది. ఫేడర్ 4 దాటింది. 6 దగ్గర పాట అర శ్రుతి ఎక్కింది. 8 దగ్గర మీట అడుగుకి తగిలింది. రికార్డు నిమిషానికి 36 చుట్లు తిరుగుతోంది, మర్ఫా ఇంకా ముందుకే పోతోంది. ఉస్తాద్ చెయ్యి చాపి 45 చుట్ల మీట నొక్కి, ఫేడర్‌ని అవతలి కొసకి తోసేశాడు. అయినా 41.4 కంటే దిగలేదు, మా పాట ఇప్పుడు వాళ్లకంటే ముందు ఉరుకుతోంది. 36కీ 41.4కీ మధ్య ఈ యంత్రానికి దారి లేదు. మర్ఫా వాళ్లు సరిగ్గా ఆ నడుమ ఉన్నారు.