పిడి కింద పేరు

మా నాన్న ఏ స్టేషన్‌లో నిలబడినా ముందు పట్టాలవైపే చూసేవారు. రైలు పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి: చేసిన కర్మాగారం, పట్టా రకం, రోలింగ్ అయిన నెల, సంవత్సరం. ఆయన భిలాయి రైల్ మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. రాయపూర్ నుంచి టిటిలాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం వెళ్లే దారిలో బండి ఎక్కడ ఆగినా కిందికి వంగి ఆ అక్షరాలు చదివి, "ఇది మనదేరా" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించే తృప్తి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

సెక్టర్ 2లోని మా క్వార్టర్లో ఇంకొక ఉక్కు వస్తువు ఉండేది. దాని మీద ఏ పేరూ లేదు. తాతగారి ఇంటి నుంచి నాన్న వెంట తెచ్చుకున్న కత్తి అది. గుండ్రటి బిళ్లతో ముగిసే పిడి, కొద్దిగా వంగిన వాదర. ఏటా దసరాకి దాన్ని ఒరలోంచి తీసి, చింతపండు, ఇటుకపొడి వేసి తోమి, బొట్టు పెట్టి, నాన్న స్పానర్ల పక్కన పూజలో ఉంచేవాళ్లం. పదేళ్లప్పుడు ఆ తోమే పని నాకు అప్పగించారు. ఎండకి ఏటవాలుగా పట్టుకుంటే కత్తి వంటి మీద సన్నటి బూడిదరంగు గీతలు, చెరువులో గాలికి లేచిన అలల్లా కనిపించేవి. అవి మురికి గీతలనుకుని ఇంకా గట్టిగా తోమేవాణ్ణి. ఒక ఏడు అద్దంలా మెరవాలని దాన్ని ఒక వర్క్‌షాపులో పాలిష్ చక్రం మీద పెట్టించాం. నిజంగానే అద్దంలా వచ్చింది. అలలు పోయాయి. పిడికి దగ్గర రెండు బంగారు చుక్కలుండేవని అమ్మ అంటుంది. అవి కూడా పోయాయి. చక్రం అందని చోట, పిడి రెక్క కింద, వేలెడు మేర మాత్రం ఆ గీతలు మిగిలాయి.

ఏం పోగొట్టుకున్నామో నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, అదీ జపాన్ కత్తుల వల్ల. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో, మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన అంతులేని వస్తువుల మధ్య, మన దక్కను కత్తులూ ఉన్నాయి, దూరప్రాచ్య విభాగంలో సమురాయ్ కత్తులూ ఉన్నాయి. ఒకే రోజు రెండింటినీ చూశాను. అప్పటినుంచి జపాన్ కత్తిని ఎలా చదవాలో చెప్పే పుస్తకాలు వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. "చదవడం" అనే మాట తెలిసే వాడుతున్నాను. వాళ్లు కత్తిని చదువుతారు.

జపాన్ కత్తి పిడిని ఒకే ఒక్క వెదురు మేకు పట్టి ఉంచుతుంది. చిన్న ఇత్తడి సుత్తితో తట్టి ఆ మేకు తీస్తే పిడి జారి వచ్చేస్తుంది. లోపల దాగి ఉన్న ఉక్కు తోకను నకగొ అంటారు. కమ్మరి తన పేరు ఉలితో చెక్కేది దాని మీదే. కొన్నిటి మీద ఊరు, సంవత్సరం, నెల కూడా ఉంటాయి. అంటే ఏడెనిమిది వందల ఏళ్ల నాటి ఒక కొలిమి మనిషి, బిజెన్ ప్రాంతంలోని ఒసఫునె ఊరివాడు, ఫలానా ఏడాదిలో దీన్ని చేశానని మనతో నేరుగా చెప్తాడు. పట్టా మీది అక్షరాలు చదివే నాన్న కొడుకుని కదా, నా మనసు అక్కడే నిలిచిపోయింది.

ఆ నకగొకు పట్టిన తుప్పును ఎవరూ తాకరు. వాదరను అద్దంలా ఉంచుతారు, తోకను మాత్రం తుప్పుతోనే వదిలేస్తారు. ఆ తుప్పే కత్తికి జాతకం. కొత్త తుప్పు ఎర్రగా, పొడిపొడిగా ఉంటుంది. శతాబ్దాల తుప్పు నల్లగా, నున్నగా, లోహంలో కలిసిపోయినట్టు ఉంటుంది. చెక్కిన అక్షరం గాడిలోని తుప్పు, పక్కనున్న తుప్పు ఒకే వయసువి కాకపోతే ఆ సంతకం తర్వాత ఎవరో పెట్టిందన్నమాట. పెద్ద కమ్మరుల పేర్లతో దొంగ సంతకాలు లెక్కలేనన్ని ఉన్నాయి. అందుకే అనుభవమున్న సేకర్త పేరు చూసి కత్తిని నమ్మడు, కత్తిని చూశాకే పేరును నమ్ముతాడు. అక్కడి అభ్యాసం కూడా అలాగే సాగుతుంది. నకగొను గుడ్డతో కప్పేసి, కత్తిని మాత్రమే చేతికిచ్చి, ఏ కాలం, ఏ సంప్రదాయం, ఏ కమ్మరి అని అడుగుతారు. యమతో, యమషిరొ, బిజెన్, సోషు, మినొ అని ఐదు పెద్ద సంప్రదాయాలు. వంపు ఎక్కడ మొదలైంది, మొన ఎంత పొడవు, ఉక్కు చార ఎలా ఉంది, వాదర పొడుగునా సాగే పొగమంచు గీత ఏ ఆకారంలో ఉంది: వీటిని బట్టి జవాబు చెప్పాలి.

ఆ పొగమంచు గీత పేరు హమోన్. అది నగిషీ కాదు. కత్తిని నీళ్లలో ముంచే ముందు ఒంటికి బంకమట్టి పూస్తారు, వెన్నుకి మందంగా, వాదరకి పలచగా. చీకటి గదిలో ఉక్కు రంగును కంటితోనే కొలిచి, సరిగ్గా ఆ క్షణాన తొట్టిలో దింపుతారు. పలచటి పూత కింద వాదర చటుక్కున చల్లబడి గాజంత గట్టిపడుతుంది. మందపు పూత కింద వెన్ను నెమ్మదిగా చల్లారి సాగే గుణం నిలుపుకుంటుంది. గట్టిపడిన వాదర కాస్త ఉబ్బుతుంది కాబట్టి కత్తి ఆ నీళ్లలోనే వంపు తీసుకుంటుంది. వారాల శ్రమ ఈ కొన్ని క్షణాల్లో పగిలిపోవచ్చు కూడా. గట్టి ఉక్కూ మెత్తటి ఉక్కూ కలిసే సరిహద్దే హమోన్.

దానికి వాడే ఉక్కు కథ భిలాయి వాళ్లకు ఇంకా దగ్గరగా తోస్తుంది. మన బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము నీరై ప్రవహిస్తుంది. తతర అనే వాళ్ల మట్టి బట్టీలో అలా కాదు. ఇనుప ఇసుకనూ బొగ్గునూ మూడు పగళ్లు, మూడు రాత్రులు పొరలు పొరలుగా వేస్తూ పోతారు. చివరికి బట్టీనే పగలగొడితే లోపల రెండున్నర టన్నుల దిమ్మ ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి ఏరిన మంచి ఉక్కే తమహగనె. షిమనె ప్రాంతంలో ఆగిపోయిన ఆ బట్టీని 1977లో జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం తిరిగి వెలిగించింది. నేటికీ అక్కడి కమ్మరులకు ఉక్కు అక్కడినుంచే వెళ్తుంది. ఆ ఉక్కును కాల్చి, సాగదీసి, మడిచి, మళ్లీ కొట్టి, ఇలా పది పదిహేను మడతలు వేస్తారు. అందులో చిట్టెం రాలిపోతుంది, కర్బనం తగ్గి అంతటా సమంగా సర్దుకుంటుంది. చివరికి మిగిలేది సుమారు 0.7 శాతం. భిలాయి రైలు పట్టాలోనూ దాదాపు అంతే ఉంటుంది. ఈ సంగతి నాన్నకు చెప్పే అవకాశం నాకు దక్కలేదు.

ఇక మన కత్తి సంగతి. మా ఇంటి కత్తిలోని అలలు మడతల వల్ల వచ్చినవి కావు. అది మూసలో కరిగించి, మూసలోనే గడ్డకట్టించిన ఉక్కు. ఉక్కు అనే మన మాటే ఇంగ్లీషు వాళ్ల నోట వూట్జ్ అయింది. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు దీనికి పెట్టింది పేరు. పర్షియా వర్తకులు ఇస్ఫహాన్ నుంచి అంత దూరం వచ్చి, ఆ ఊళ్లో మకాం పెట్టి, దగ్గరుండి ఉక్కు ముద్దలు పరీక్షించి కొనుక్కుపోయేవారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా గోల్కొండ ఉక్కును గురించి రాశాడు. వాయ్‌సీ అనే ఇంగ్లీషు వైద్యుడు కోనసముద్రం కొలిమిలో చూసిన పద్ధతి 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, రాత్రీ పగలూ కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. దక్షిణాదిలో ఇతర చోట్ల మూసలో తంగేడు కట్టె ముక్కలూ జిల్లేడు ఆకులూ కూడా వేసేవారు. వాటి కర్బనమే ఇనుమును ఉక్కు చేస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడని మనకు తెలుసు. అది ఉక్కుకు తిండి పెట్టిన చెట్టు కూడా.

ఈ ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, పట్టాకు రెట్టింపు. మెల్లగా చల్లారేటప్పుడు కర్బనం ఇనుముతో కలిసి గట్టి రేణువులవుతుంది. తక్కువ వేడిలో, ఎర్రటి రంగు దాటనివ్వకుండా ఓపికగా కొడితే ఆ రేణువులు వరసలు కడతాయి. ఖనిజంలో ఆనవాలుగా ఉండే వనాడియం లాంటి లోహాలే ఆ వరసలకు ఊతమని అమెరికన్ లోహశాస్త్రజ్ఞుడు వెర్హోవెన్, కమ్మరి పెండ్రే కలిసి చేసిన ప్రయోగాలు చూపించాయి. యూరప్ కమ్మరులు తమకు అలవాటైన తెల్లటి వేడికి తెచ్చి కొడితే అది పెళుసు బెల్లంలా పొడి అయిపోయింది. 1795లో పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి దీని మీద పత్రం సమర్పించాడు. ఫారడే విద్యుత్తు జోలికి వెళ్లకముందు ఈ ఉక్కు రహస్యం వెంటపడ్డాడు. రష్యాలో, ఉరల్ కొండల్లోని జ్లతౌస్త్‌లో అనోసొవ్ ఏళ్లతరబడి ప్రయోగాలు చేసి అలాంటి ఉక్కును సాధించి 1841లో దాని మీద గ్రంథం ప్రకటించాడు. 1955లో భిలాయి కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం అయినప్పుడు రష్యన్లు మనకు ఉక్కు నేర్పడానికి వచ్చారని అందరూ అనుకున్నారు. నూట పద్నాలుగేళ్ల ముందు మన ఉక్కు దగ్గర నేర్చుకున్నది వాళ్లే.

ఆ అలల్ని పైకి తెచ్చేది అన్నభేది. కత్తిని సానపట్టి, అన్నభేది నీళ్లు పూస్తే మెత్తటి చోట్లు నల్లబడి, గట్టి వరసలు తెల్లగా నిలుస్తాయి. అవి ఉక్కు లోపలంతా ఉంటాయి కాబట్టి మా కత్తిలోనూ తెలిసినవాడు వాటిని మళ్లీ తేగలడు. బంగారు చుక్కలను తేలేడు. ఇస్ఫహాన్ కత్తుల మీద పిడి దగ్గరే బంగారు పొదుగులో అసదుల్లా లాంటి ఉస్తాదుల పేర్లుంటాయి. మా చుక్కలు ఏ పేరుకు మిగిలిన ముక్కలో ఇక తేలదు.

నా బాధ ఇక్కడే ఉంది. కోనసముద్రం చుట్టూ పగిలిన మూస పెంకులు దిబ్బలుగా పడి ఉన్నాయి. ఇస్ఫహాన్ కమ్మరి పేరు మ్యూజియం అద్దాల్లో ఉంది. అతనికి ఉక్కు వండి ఇచ్చిన కమ్మరి పేరు ఒక్కటీ లేదు. ఉక్కు చేసినవాడు ఒకచోట, కత్తి కొట్టినవాడు ఇంకొకచోట, పిడి బిగించినవాడు మరొకచోట. పైగా మన తల్వారు పిడిలో కరిగించిన లక్క పోసి కత్తి తోకను అందులో దించేస్తారు. ఒకసారి గట్టిపడితే విప్పి చూసేది ఉండదు. విప్పి చూడనిచోట పేరు చెక్కే ఆలోచన ఎవరికి వస్తుంది? జపాన్ వాళ్ల వెదురు మేకు ఎంత చిన్నదో అంత పెద్ద పని చేసింది.

17వ శతాబ్దం మొదట్లో తొకుగావా ఇయెయసు కొలువులోని కమ్మరి యసుత్సుగు, దక్షిణపు ఓడల్లో విదేశీయులు తెచ్చిన ఇనుముతో చేశానని కూడా తన కత్తుల తోకల మీద చెక్కాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే డచ్చివాళ్లు మచిలీపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. తెలుగు తీరం నుంచి ఇనుము, ఉక్కు బటావియాకు పంపేవారు. యసుత్సుగు చేతికి వచ్చిన ఇనుము ఏ రేవుదో ఆ కత్తి తోక చెప్పదు. పరాయి ఇనుమని మాత్రం దాచుకోలేదు.

కత్తి అలంకారాల సేకరణ ఇంకో లోకం. చేతికి అడ్డుండే బిళ్లను త్సుబ అంటారు, అరచేయంత ఉంటుంది. పిడి అల్లిక కింద ఇమిడే జంట బొమ్మలు మెనుకి. కత్తి కొనలేని వాళ్లు కూడా ఒక్కొక్క త్సుబనే పోగుచేస్తారు. అందులో షకుదో అనే లోహం ఉంది, రాగిలో నాలుగు శాతం దాకా బంగారం. దాన్ని రాగి లవణాల నీళ్లలో ఉడికిస్తే కాకిరెక్క మీది నీలి నలుపు వస్తుంది. మన బీదర్ పనివాళ్లు జింకు, రాగి కలిపిన లోహాన్ని నవాసారం, కోట మట్టి ముద్దతో రుద్ది నల్లబరచి, దానిలో వెండిని మెరిపిస్తారు. దారులు వేరైనా ఇద్దరూ నలుపునే కోరుకున్నారు, మెరుపు కనబడేది దాని మీదే కదా. 1876లో జపాన్ ప్రభుత్వం కత్తి ధరించడాన్ని నిషేధించింది. ఆ పనివాళ్ల బతుకు ఒక్కసారిగా కుప్పకూలింది. ఆ తరం చెక్కుడు పనివాడు కానో నత్సువో కొత్త ప్రభుత్వ నాణేల అచ్చులు చెక్కాడు. ఎందరో పూలకుండీలకు, పెట్టెలకు మళ్లారు.

1945 తర్వాత ఇంకో దెబ్బ. ఆక్రమణ సైన్యం కత్తుల్ని ఆయుధాలుగా లెక్కగట్టి గుట్టలుగా సేకరించింది. చాలా నాశనమయ్యాయి, చాలా సైనికుల సంచుల్లో దేశం దాటాయి. బర్మాలో, మలయాలో లొంగిపోయిన అధికారులు మన సేన చేతికి కూడా కత్తులిచ్చారు. వాటిలో ఎక్కువ భాగం యుద్ధకాలంలో మిల్లు ఉక్కుతో చేసినవే. కొన్నిటి సైనిక పిడి కింద మాత్రం తాతల నాటి కత్తి ఉంటుంది. ఆ వెదురు మేకు తీసి చూడనిదే తెలియదు. అమెరికాలో కాంప్టన్ అనే మందుల కంపెనీ అధిపతి పాత వస్తువుల దుకాణంలో కొన్న కత్తి, కగోషిమాలోని తెరుకుని ఆలయం నుంచి పోయిన జాతీయ నిధి అని తేలింది. కునిమునె చేసిన కత్తి. 1963లో ఆయన పైసా తీసుకోకుండా దాన్ని ఆలయానికి తిరిగి ఇచ్చేశాడు. ఆ కత్తి తన ఇంటికి దారి తెలుసుకున్నది, దాన్ని చదవగలిగినవాళ్లు ఉన్నందువల్ల.

ఇంట్లో పాత కత్తి ఉన్నవాళ్లకు నా మాట ఇది. వాదరను వేలితో తాకకండి, చెమట ముద్ర కొన్నాళ్లకే తుప్పవుతుంది. జపాన్‌లో మాట్లాడుతూ కత్తిని చూడరు, నోటి తుంపర పడుతుందని. మెత్తటి గుడ్డతో తుడిచి, సన్నటి నూనె పొర చాలు. అక్కడ లవంగ పరిమళం కలిపిన నూనె వాడతారు. ఇసుక, ఇటుకపొడి, పుల్లటిది ఏదీ వద్దు. చక్రం అసలే వద్దు. ప్రతి సానకూ ఉక్కు కొంత పోతుంది, పోయిందేదీ తిరిగి రాదు. ఒర లోపల ఎక్కువ కాలం ఉంచితే తోలు, చెక్క తేమ పీలుస్తాయి, వానాకాలం కనిపెట్టుకుని చూడాలి.

పోయిన దసరాకి మా కత్తిని గుడ్డతో తుడిచి పీట మీద పెట్టాను. అమ్మ కుంకుమ గిన్నె పట్టుకొచ్చింది. కత్తికి వద్దమ్మా, తడి కుంకుమ ఉక్కును తినేస్తుందన్నాను. "ఆయుధానికి బొట్టు లేకపోతే పూజేటి బాబూ?" అంది. కాసేపు ఇద్దరం కత్తినే చూస్తూ కూర్చున్నాం. పిడి రెక్క కింద మిగిలిన ఆ వేలెడు అలను ఆమెకు దీపం వెలుగులో చూపించాను. కళ్లజోడు సర్దుకుని, వంగి, చాలాసేపు చూసింది. తర్వాత బొట్టు ఒరకు పెట్టింది.