చెప్పి చెడిపోయే యంత్రం

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకాయన ఆఫీసులో మెట్ల కింద చిన్న గది ఉంది. ఒకప్పుడు అందులో నాలుగు కంప్యూటర్లు వరసగా నడిచేవి. ఒకదాంట్లో ట్యాలీ, ఒకదాంట్లో బిల్లింగ్ డేటాబేస్, ఇంకోదాంట్లో ఆఫీసు ఫైళ్లన్నీ, నాలుగోది ఇంటర్నెట్ దారికి కాపలా. ఇప్పుడక్కడ ఉన్నది ఒకటే క్యాబినెట్. ఆ నాలుగూ దాని లోపలే వర్చువల్ మెషీన్లుగా బతుకుతున్నాయి. కొన్ని భాగాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొని, అక్కడ దొరకనివి బయటినుంచి తెప్పించి, దాన్ని కట్టింది నేను.

మొదలుపెట్టకముందు ఆయన అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "నాలుగు పెట్టెలున్నప్పుడు ఒకటి పోతే మిగతా మూడూ నడిచేవి. రేపు ఈ ఒక్కటీ పోతే మా గతేంటండీ?"

సర్వర్ కట్టేవాళ్లు ముందుగా వినాల్సిన ప్రశ్న అదే. పెంకుటింట్లో ఎన్ని గదులున్నా నడిదూలం ఒకటే. గోడ బీటవేస్తే ఒక గది ఖాళీ చేస్తాం, దూలానికి చెద పడితే ఇల్లంతా పోతుంది. అందులోనూ చెద పట్టిన దూలం పైకి నున్నగానే కనిపిస్తుంది. అందుకే వడ్రంగి దాన్ని చూసి ఊరుకోడు, తట్టి చప్పుడు వింటాడు. సర్వర్ భాగాలను నేను అలాగే ఎంచుతాను. ఎంత వేగం, ఎంత ధర అన్నవి తర్వాత. ఏ భాగమైనా ఏదో ఒకరోజు చెడిపోతుంది. చెడిపోతున్నప్పుడు అది నాకు చెబుతుందా, లేక మౌనంగా తప్పుడు పని చేసుకుంటూ పోతుందా? నా మొదటి ప్రశ్న ఇది.

బజారులో దొరికే భాగాలతో పెద్ద యంత్రాలు కట్టుకునే సంప్రదాయం చిన్నదేం కాదు. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు 486 ప్రాసెసర్లు 16 కలిపి బేవుల్ఫ్ క్లస్టర్ నిర్మించారు. 1999 నాటికి గూగుల్ కార్క్ పరిచిన ట్రేల మీద చౌక మదర్‌బోర్డులు పేర్చి తన సెర్చి యంత్రాన్ని నడిపింది. 2009లో బ్యాక్‌బ్లేజ్ సంస్థ 67 టెరాబైట్ల తన స్టోరేజి పెట్టె నమూనాను ఎవరైనా కట్టుకోవచ్చని లోకానికి విప్పి చూపించింది. ఈ చరిత్ర అంటే నాకు గౌరవం. కానీ దీన్నుంచి చాలామంది తీసుకునే పాఠం తప్పు. చౌక భాగాలతోనే గూగుల్ అంతటిదైంది కదా, మనకేం అనుకుంటారు. అంతటి గూగుల్‌కే 2000 నాటికి వెబ్ సూచిక నెలల తరబడి తాజా కాకుండా నిలిచిపోయింది. జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ తవ్వి చూస్తే మెమరీలో తారుమారైన బిట్లు బయటపడ్డాయి. పైగా వాళ్లకు వేల యంత్రాలున్నాయి, ఒకటి కూలినా సాఫ్ట్‌వేరు పక్కదాని మీదికి పని మార్చేస్తుంది. మెట్ల కింద గదిలో పక్కది లేదు.

అందుకని డబ్బు ఖర్చుపెట్టడం మెమరీతో మొదలుపెడతాను. ప్రాసెసర్ కోర్ల గురించి అందరూ మాట్లాడతారు గానీ, చిన్న ఆఫీసు సర్వర్‌లో కోర్లు ఎక్కువసేపు ఊరికే కూర్చుంటాయి. ఎనిమిది కోర్లు చాలాచోట్ల ఎక్కువే. ముందు నిండిపోయేది ర్యామ్. ఒక కోర్‌ని నాలుగు వర్చువల్ మెషీన్లు వంతులవారీగా వాడుకోగలవు, ర్యామ్‌ని అంత సులువుగా పంచుకోలేవు. అవసరం లెక్కవేసి దానికి సగం కలుపుతాను. ఈ ఆఫీసుకి 64 జీబీ వచ్చింది.

ఆ 64 జీబీ, తన తప్పులు తానే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ కావాలన్నది నా పట్టుదల. 1940ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో రిలే కంప్యూటర్‌కి పని అప్పగించి వెళ్లేవాడు. యంత్రం తప్పు కనిపెట్టేది, కానీ దిద్దుకోలేక ఆ లెక్కను వదిలేసి తర్వాతి దానికి పోయేది. సోమవారం వచ్చి చూస్తే పని జరిగి ఉండేది కాదు. తప్పు ఉందని తెలుసుకోగలిగిన యంత్రం ఎక్కడుందో తెలుసుకుని ఎందుకు దిద్దుకోకూడదన్న ఆయన ఉక్రోషంలోంచి 1950 నాటి హామింగ్ కోడ్ పుట్టింది. నేటి ఈసీసీ దాని వారసురాలే. డీడీఆర్4 దాకా లెక్క సులువు. 64 బిట్ల డేటాకి 8 బిట్ల కాపలా కలిసి 72. ఒక బిట్ తిరగబడితే దిద్దుతుంది, రెండు తిరగబడితే గుర్తిస్తుంది. నాకు ముఖ్యమైన మూడో పని కూడా ఉంది. దిద్దిన ప్రతిసారీ ఎక్కడ దిద్దిందో లాగ్‌లో రాస్తుంది.

బిట్లు తిరగబడటం కట్టుకథ కాదు. 1978లో ఇంటెల్ శాస్త్రజ్ఞులు మే, వుడ్స్ చిప్ ప్యాకేజింగ్ పదార్థంలో ఉన్న రేడియోధార్మిక జాడలు మెమరీని చెరుపుతున్నాయని చూపించారు. 2009లో గూగుల్ సర్వర్ల మీద వచ్చిన అధ్యయనం ప్రకారం ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కులు తప్పు చేశాయి. ఒకసారి తప్పు చేసిన స్టిక్కు అదే నెలలో మళ్లీ చేసే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుందని కూడా అందులో తేలింది. ఆ సర్వర్లలో ఈసీసీ ఉంది కాబట్టే ఇదంతా లెక్కపెట్టగలిగారు. మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఉన్న మామూలు ర్యామ్ ఎన్ని తప్పులు చేస్తోందో లెక్కపెట్టే నాథుడు లేడు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నదే. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసుకి ఖర్చు తగ్గించాలని మామూలు ర్యామ్‌తో సర్వర్ కట్టిచ్చాను. ఒక స్టిక్కు మెల్లగా పాడైంది. యంత్రం ఆగలేదు, ఎర్రదీపం వెలగలేదు. మూడు వారాలపాటు చెడిన ఫైళ్లు రాస్తూనే ఉంది, ఆ చెడిన ఫైళ్లనే మా బ్యాకప్ భద్రంగా దాస్తూనే ఉంది. చివరికి ఆడిటర్ దగ్గర లెజర్ తెరుచుకోకపోతే గానీ మాకు తెలియలేదు. స్టిక్కు పాడైన రోజే ఆ యంత్రం ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఈసీసీ కొనేటప్పుడు మూడు చిక్కులున్నాయి. డీడీఆర్5లో చిప్ లోపలే ఉండే ఈసీసీని చూపించి సరిపోతుందనే అమ్మకందార్లుంటారు. అది చిప్ తన లోపలి తప్పులు తాను కప్పుకోవడానికే, చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగే తప్పులు దానికి పట్టవు, లాగ్‌లో రాయదు. రెండోది, పెద్ద సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ స్టిక్కులు మామూలు బోర్డుల్లో పనిచెయ్యవు, అన్‌బఫర్డ్ ఈసీసీ అడగాలి. మూడోది ప్రాసెసర్, బోర్డు రెండూ ఒప్పుకోవాలి. రైజెన్‌లో గ్రాఫిక్స్ కలిసిన ఏఎం4 జీ రకాలకు ప్రో అన్న పేరు లేకపోతే ఈసీసీ రాదు. ఇంటెల్ 12వ తరం నుంచి కొన్ని కోర్ ప్రాసెసర్లు ఇస్తాయి గానీ డబ్ల్యూ680 లాంటి చిప్‌సెట్ బోర్డు ఉండాలి. బోర్డు తయారీదారు పరీక్షించిన స్టిక్కుల జాబితాలోంచే కొనడం క్షేమం. అన్నీ కుదిరాయనుకున్నాక కూడా ర్యామ్ వేగాన్ని హద్దు దాటించి, కావాలని తప్పులు పుట్టించి, అవి లాగ్‌లోకి వస్తున్నాయో లేదో చూసుకుంటాను. రాకపోతే నా దృష్టిలో ఈసీసీ ఉన్నా లేనట్టే.

డిస్కుల దగ్గర మోసం ఇంకో రూపంలో ఉంటుంది. బిల్లు సేవ్ చెయ్యగానే డేటాబేస్ డిస్కుని అడుగుతుంది, నిజంగా రాశావా అని. మామూలు ఎస్ఎస్‌డీకి రెండే దారులు. నిజంగా రాసేదాకా ఆగితే నత్తనడక నడుస్తుంది. తన తాత్కాలిక మెమరీలో పెట్టుకుని రాశానంటే కరెంటు పోయిన క్షణాన ఆ బిల్లు మాయమవుతుంది. సర్వర్ రకం ఎస్ఎస్‌డీలో వరసగా చిన్న కెపాసిటర్లుంటాయి. కరెంటు పోయాక చేతిలో ఉన్నదంతా రాసి ముగించడానికి సరిపడే ప్రాణం వాటిలో ఉంటుంది. అందుకే అది వెంటనే రాశానన్నా అబద్ధం కాదు. ఆయుష్షులోనూ తేడా ఉంది. రోజుకొకసారి మొత్తం రాసినా ఐదేళ్లు నిలుస్తుందని హామీ ఉన్న 960 జీబీ డిస్కు సుమారు 1750 టెరాబైట్ల రాతను మోస్తుంది. ఇళ్లలో వాడే ఒక టెరాబైట్ డిస్కుల హామీ చాలావాటికి 600 దగ్గరే ఆగిపోతుంది. నాలుగు వర్చువల్ మెషీన్లు ఒకేసారి చిన్నచిన్న రాతలు రాస్తుంటే ఆ తేడా రెండేళ్లలో తెలుస్తుంది.

రెండు డిస్కులు జతగా, ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మిర్రర్‌లో పెడతాను. ప్రతి ముక్కకీ చెక్‌సమ్ ఉంచి, చదివిన ప్రతిసారీ సరిచూసి, తేడా ఉంటే రెండో డిస్కులోంచి తెచ్చి దిద్ది, ఫలానా డిస్కు తప్పు చేసిందని పేరుపెట్టి చెబుతుంది కాబట్టి. డిస్కుల్ని తన వెనక దాచేసే రెయిడ్ కార్డులంటే నాకు పడదు. ఆ రెండు డిస్కుల్నీ ఒకే పెట్టెలోంచి తీసుకోను, ఒకే లాట్‌లో పుట్టినవి ఒకే వారంలో పోయే ప్రమాదం ఉంది. మిర్రర్ బ్యాకప్ కాదన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు. బ్యాకప్ వేరే గదిలో, వేరే యంత్రంలో ఉంది.

ఇక కరెంటు. మన ఊళ్లలో సర్వర్ బతుకు సగం దీనిమీదే ఆధారపడి ఉంటుంది, కొనేటప్పుడు మాత్రం దీన్నే ఆఖరున, మిగిలిన డబ్బుతో చూస్తారు. యంత్రానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మీద బంగారు రంగు 80 ప్లస్ ముద్ర ఉంటే మంచిదని నమ్ముతారు. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందన్నదే, ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పదు. ఆ పరీక్షా 23 డిగ్రీల దగ్గర చేస్తారు. మే నెల విజయవాడలో మెట్ల కింద గది అంత చల్లగా ఉండదు. అందుకే పూర్తి లోడుకి 50 డిగ్రీల దాకా హామీ ఇచ్చేది, 105 డిగ్రీల కెపాసిటర్లున్నది వెతుకుతాను. కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. అవసరానికి రెట్టింపు వాట్లున్న ఎస్ఎంపీఎస్ తీసుకోవడం దుబారా కాదనడానికి కారణం కూడా అదే.

కరెంటు పోయి యూపీఎస్ బ్యాటరీకి మారేలోపు కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని ఎస్ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్ మోయాలి. మంచిది పూర్తి లోడు మీద కూడా 16, 17 మిల్లీసెకన్లు ఊపిరి బిగబడుతుంది. నాసిరకంది అంతసేపు ఆగలేదు, సర్వర్ రీస్టార్ట్ అవుతుంది, జనం యూపీఎస్‌ని తిడతారు. ఇంట్లో ఇన్వర్టర్‌కే తగిలించేవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టారో లేదో చూసుకోవాలి. యూపీఎస్ ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలి, సర్వర్‌తో యూఎస్‌బీ తీగతో మాట్లాడేదై ఉండాలి. బ్యాటరీ ఇంకెంత మిగిలిందో అది చెబితేనే సర్వర్ ముందు డేటాబేస్‌ని, తర్వాత మిగతావాటిని ఒక్కొక్కటే ఆపి తానూ పడుకోగలదు. ఇవన్నీ సరిచూశాక ఆ గదిలో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టాను. రెండు మూడు వోల్టులు ఉండాల్సిన చోట 14 చూపించింది. ఎర్తింగ్ గుంత కొత్తగా తవ్వించేదాకా సర్వర్ ఆ గడప దాటలేదు.

బోర్డు విషయంలో నా ఎంపికకి కారణం ఒక్కటే చిప్. సర్వర్ బోర్డుల మీద బీఎంసీ అనే చిన్న కంప్యూటర్ విడిగా ఉంటుంది, ఎక్కువగా ఆస్పీడ్ సంస్థది. పెద్ద యంత్రం స్పృహతప్పి పడి ఉన్నా ఇది మేలుకునే ఉంటుంది. ఏ ఫ్యాన్ ఆగింది, ఏ వోల్టేజీ జారింది, ఎంత వేడెక్కింది అన్నీ చెబుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని విజయవాడ యంత్రం తెరను బయోస్ దగ్గర్నుంచీ చూడొచ్చు. ఏఎస్‌రాక్ ర్యాక్ ఎక్స్470డీ4యూ లాంటి బోర్డులు రైజెన్ ప్రాసెసర్‌కి ఈ బీఎంసీని, ఇంటెల్ ఐ210 నెట్‌వర్క్ పోర్టుల్ని కలిపి ఇచ్చి చిన్న సర్వర్లు కట్టేవాళ్లకు పెద్ద మేలు చేశాయి. ఆటలాడుకునే బోర్డు మీద రంగురంగుల దీపాలుంటాయి గానీ ఈ ఒక్క చిప్ ఉండదు.

ప్రాసెసర్ గురించి ఒక్క మాటే. సరికొత్త తరం కొనను. 2024లో ఇంటెల్ తన 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అధిక వోల్టేజీ సమస్య ఉందని ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణలిచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఏడాదిన్నర లోకంలో తిరిగి పేరు తెచ్చుకున్న ప్రాసెసర్ నాకు చాలు.

కట్టిన తర్వాత సర్వర్ వారంపాటు నా టేబుల్ మీదే ఉంటుంది. మెమ్‌టెస్ట్ ఒక రోజంతా, డిస్కుల్ని అంచులదాకా నింపి తిరిగి చదవడం ఒక రోజు, ప్రాసెసర్‌ని మరగబెట్టడం ఒక రాత్రి. ఆ తర్వాత నాకిష్టమైన ఘట్టం మొదలవుతుంది. నడుస్తుండగానే ఒక డిస్కు తీగ పీకేస్తాను. ఫ్యాన్‌కి పుల్ల అడ్డం పెడతాను. డేటాబేస్ రాస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపేస్తాను. యంత్రం నిలబడిందా అన్నది ఒకటి, నా ఫోన్‌కి మెయిల్ వచ్చిందా అన్నది ఇంకొకటి. రెండోది జరక్కపోతే మొదటిదాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

"ఇంత అవస్థ దేనికండీ, బ్రాండెడ్ సర్వర్ కొంటే పోలేదా?" అని ఆయనే అడిగారు. దగ్గర్లో చూసే మనిషి లేని ఆఫీసుకి నేనే బ్రాండెడ్ కొనమని చెబుతాను, సర్వీసు కాంట్రాక్టుతో సహా. కానీ అలాంటి పెట్టెల్లో చాలావాటికి ఎస్ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ కొలతల్లోనే ఉంటాయి. ఆరేళ్ల తర్వాత ఎస్ఎంపీఎస్ పోతే దానికోసం దేశమంతా వెతకాలి. ఇక్కడైతే ఊళ్లో ఏ దుకాణంలోనైనా ఏటీఎక్స్‌ది దొరుకుతుంది. స్పేర్ డిస్కు ఒకటి, ర్యామ్ స్టిక్కు ఒకటి పేర్లు రాసి బీరువాలో పెట్టించాను. ఏ భాగం ఎందుకు ఎంచానో రాసిన పుస్తకం కూడా అక్కడే ఉంది. నా తర్వాత వచ్చేవాళ్లు దాన్ని విప్పి అర్థం చేసుకోగలరు.

రెండో వేసవిలో ఒక తెల్లవారుజామున మెయిల్ వచ్చింది, ర్యామ్ ఏ2 స్లాట్‌లో ఒక తప్పు దిద్దబడిందని. ఆ వారంలోనే మరో మూడు. తర్వాతి వారం పదకొండు. ఆఫీసులో ఎవరికీ ఏ తేడా తెలియలేదు, బిల్లులు వెళ్తున్నాయి, ట్యాలీ నడుస్తోంది. ఆయనకి ఫోన్ చేసి ఆదివారం మధ్యాహ్నం షట్టరు తియ్యమన్నాను. వర్చువల్ మెషీన్లను ఒక్కొక్కటే ఆపి, బీరువాలోని స్టిక్కు పెట్టి, మళ్లీ లేపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తీసిన స్టిక్కుని ఆయన చేతిలో అటూఇటూ తిప్పి చూశారు. కొత్తదానిలాగే మెరుస్తోంది. కవర్లో పెట్టి, మీద తేదీ వేసి, వారంటీకి పంపించాం.