కవుల సంఖ్యయు కవిత్వ విమర్శయు

తెలంగాణమున తెలుగు కవులు లేరను మాట యొకటి వెలువడగా, దానికి సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. వారు వాదమునకు ప్రతివాదము వ్రాసి ఊరకుండలేదు. 354 మంది కవుల పద్యములను, పరిచయములతో కూడ, చదువరుల ముందుంచిరి. ఇంత సూటియైన సమాధానము మన విమర్శచరిత్రలో అరుదు. అయినను అది యే ప్రశ్నకు సమాధానమో మనము మరచుచున్నాము. కవులు గలరా యనునది యొక ప్రశ్న. వారి కవిత్వమెట్టిది యనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి సంఖ్య చాలును. రెండవదానిని అది తాకనైన తాకదు.

ఆ యాక్షేపణము పుట్టుటకు కారణము స్పష్టమే. నిజాము రాష్ట్రమున రాజభాషయు, ఉన్నతవిద్యకు మాధ్యమమును ఉర్దూ. తెలుగు ముద్రణకు ప్రోత్సాహము స్వల్పము. తన బల్లపైకి రాని గ్రంథము లోకముననే లేదని తలచుట విమర్శకునకు సులభమైన పొరపాటు. 1926 నుండి గోలకొండ పత్రికను నడపుచున్న ప్రతాపరెడ్డిగారికి ఊరూరి కవులతో పరిచయముండుటచేతనే ఆ పొరపాటు దిద్దబడినది.

కాని సంచిక వెలువడిన పిదప మన పరిశోధకులు దాని పద్యములకంటె పరిచయములనే యెక్కువగా వాడుకొనిరి. ఇది పాత యలవాటే. గురుజాడ శ్రీరామమూర్తిగారి ‘కవి జీవితములు’, వీరేశలింగముగారి ‘ఆంధ్ర కవుల చరిత్రము’ మనకు త్రోవ చూపినవి; ఆ ఋణము కాదనరానిది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారము’న కళాపూర్ణోదయమును కావ్యముగా చదివి చూపిరి. ఆ త్రోవ త్రొక్కినవారు కొందరే. నేటికిని సిద్ధాంతవ్యాసములలో మొదటి యధ్యాయము కవి జననము, వంశము, విద్య, ఉద్యోగము. తక్కిన యధ్యాయములలో వాని ప్రసక్తియే యుండదు. గోడకు తగిలించిన పటమువలె ఆ జీవితమచ్చటనే వ్రేలాడుచుండును.

జీవితము కావలసిన చోటులు లేకపోలేదు. దాశరథి ‘అగ్నిధార’ (1949) నెరిగిన చదువరికి నిజామాబాదు చెరసాలను గూర్చియు, ఆ కృతిని అంకితము పొందిన వట్టికోట ఆళ్వారుస్వామిని గూర్చియు తెలియుట అవసరము. ఆ పద్యముల వేడికిని ఆ చెరకును సంబంధము కలదు. కవి పుట్టిన తిథి నక్షత్రములకు అట్టి సంబంధము లేదు. ఈ వివేకమే సమీక్షకుని మొదటి పని.

ప్రతాపరెడ్డిగారి యెడ గౌరవముతోనే ఇంకొక మాట చెప్పవలసియున్నది. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యు కావ్యములను సాక్షులుగా పిలిచినది: ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి. అది మహోపకారము. కాని సాక్ష్యము గైకొనుట వేరు, రసము తూచుట వేరు. సంచికలోను కవి తన యునికికి సాక్షిగనే నిలిచెను.

అదే 1934లో శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతమును వ్రాసెను. అప్పటికి దాశరథి వయస్సు తొమ్మిదేండ్లు. ఛందోబద్ధములైన సంచిక పద్యములను ఈ రెంటి నడుమ నిలిపి చదివినచో అభిమానమునకు కొంత నొప్పి కలుగవచ్చును. ఆ భయముచేతనే కాబోలు, తూనిక నేటికిని వాయిదా పడుచున్నది. 354 అను సంఖ్యను మాత్రము ప్రతి సభలోను వినుచున్నాము.

లింగంపల్లి రైలుస్టేషనున దిగి, 1974లో వెలసిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు వచ్చు విద్యార్థికి తెలంగాణమున కవులు గలరని నిరూపింపవలసిన భారము నేడు లేదు. చుట్టునున్న సాఫ్ట్‌వేరు భవనముల నడుమ ఆ పాత యాక్షేపణము వినవచ్చుట లేదు. కనుక అతడు సంచికను పేరులు కప్పిపెట్టి చదువవచ్చును. ఊరు, వయస్సు, కులము తెలియకయే ఏ పద్యము నిలుచునో, ఏది సమస్యాపూరణముగనే మిగులునో గుర్తించి, పిదప పేరులు తెరచి చూడవచ్చును. నిలిచిన పద్యములు ఇరువదియే కావచ్చును, ఏబదియే కావచ్చును. ఆ కవులకు వ్రాయుడు జీవితచరిత్రలు.