మ్యాంక్స్ నార్టన్, ఏజేఎస్ 7ఆర్: ఏ ఏటి బండిగా నిలబెట్టాలి?

మ్యాంక్స్ నార్టన్‌ను బైకుల మీద మక్కువ ఉన్నవాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. 1950లో ఫెదర్‌బెడ్ ఫ్రేమున్న నార్టన్ మీద జెఫ్ డ్యూక్ ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ గెలిచినప్పటి నుంచీ, సింగిల్ సిలిండర్ రేసు బండి అంటే ముందు తలపుకొచ్చేది అదే. దాని సాటిదైన ఏజేఎస్ 7ఆర్ పేరు మన దగ్గర అంతగా వినిపించదు. పాత రేసు బండిని బాగుచేయడంలోని చిక్కులు తెలియాలంటే మాత్రం రెండింటినీ పక్కపక్కన విప్పి చూడాలి.

మన బుల్లెట్‌లో క్యామ్‌లు కింద ఉంటాయి, పుష్‌రాడ్లు వాల్వులను తెరుస్తాయి. ఈ రెండు బండ్లలోనూ క్యామ్ హెడ్‌లోనే ఉంటుంది. అయితే 1950ల నార్టన్‌లో రెండు క్యామ్‌లు. వాటికి కదలిక అందించేది ఇంజిన్ పక్కన నిలువుగా ఉన్న షాఫ్టు, దాని రెండు చివర్ల బెవెల్ గేర్లు. 7ఆర్‌లో ఉన్నది ఒకే క్యామ్, దాన్ని తిప్పేది చైను. నార్టన్ బెవెల్ గేర్ల మధ్య సందు కుదరాలంటే పల్చటి షిమ్‌లు మార్చి మార్చి పెట్టి చూడాలి. పైన కుదిరిందనుకుంటే కింద బిగుస్తుంది. అదే 7ఆర్‌లో అరిగిన చైను, టెన్షనర్ మార్చుకుంటే సగం పని అయినట్టే. నార్టన్ పనితనానికి చేతులెత్తి మొక్కుతాను. అలాగే, సొంత ఖర్చుతో పందేలకు వెళ్లే రేసర్ తన షెడ్డులోనే చూసుకోగలిగేలా ఇంజిన్ గీసిన ఏజేఎస్ వాళ్ల ఇంగితమూ నాకు అంతే ఇష్టం.

శత్రువు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. బరువు తగ్గించడానికి రెండింటి క్రాంక్‌కేసులూ మెగ్నీషియం మిశ్రలోహంతో పోశారు. తేమ తగిలితే ఆ లోహం తెల్లటి పొడిగా రాలిపోతుంది. 7ఆర్ కేసుల మీది బంగారు రంగు అందానికే కాదు, ఆ తినివేతకు అడ్డుగా కూడా. దాన్ని గీకేసి లోహాన్ని అద్దంలా మెరిపించిన బండ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆనాడు రేసర్లు పోసిన నూనె ఆముదంతో చేసినది. ఏళ్ల తరబడి కదలకపోతే లోపల జిగురులా పేరుకుంటుంది. అందుకే ఇంజిన్ మొత్తం విప్పకుండా స్టార్ట్ చేయకూడదు.

ఇక చరిత్ర. 500 సీసీ ఫార్ములా 3 కార్ల వాళ్లు ఇంజిన్ కోసం నార్టన్ బండినే మొత్తంగా కొనేవారు. మిగిలిన ఫ్రేముల్లో ట్రయంఫ్ ఇంజిన్లు చేరి ట్రైటన్లయ్యాయి. అలా విడిపోయిన ఇంజిన్‌నూ ఫ్రేమునూ మళ్లీ కలపడం అరుదు. 7ఆర్ 350 సీసీ కావడంతో ఆ గండం తప్పించుకుంది కానీ, అదీ మారుతూనే వచ్చింది. 1948లో 74 x 81 మి.మీ. ఉన్న బోర్, స్ట్రోక్ 1956లో 75.5 x 78 అయ్యాయి. పాత బండ్లకు కొత్త భాగాలు ఎక్కాయి. కాబట్టి "ఒరిజినల్" అంటే ఏ ఏటిది అన్న ప్రశ్న ఇద్దరికీ తప్పదు.

వంశాలు కూడా చివరికి కలిశాయి. ఏజేఎస్ యజమాని ఏఎంసీ కంపెనీయే నార్టన్‌నూ కొన్నది. 1950ల చివరికి రెండింటిలోనూ ఏఎంసీ గేర్‌బాక్సే. ఆ తర్వాత బర్మింగ్‌హామ్‌లోని నార్టన్ ఫ్యాక్టరీ మూతపడింది; 1966లో రెండింటి రేసింగ్ సరంజామానూ కోలిన్ సీలీ కొన్నాడు. ఇప్పుడు రెండింటికీ కొత్త భాగాలు తయారవుతున్నాయి. పగుళ్లున్న పాత కేసుతో గంటకు వంద మైళ్ల వేగంలో వెళ్లమని ఎవరికీ చెప్పను. కొత్త కేసు వేయండి, పాతదాన్ని దాచండి, దాని నంబరును మాత్రం కొత్తదాని మీద కొట్టకండి.

తయారీ ఆగిపోయాక కూడా, 1969లో, గాడ్‌ఫ్రే నాష్ మ్యాంక్స్ మీదే యుగోస్లావ్ గ్రాండ్ ప్రి గెలిచాడు. ఫ్యాక్టరీ వదిలేసిన ఆ ఏళ్లలో రేసర్లు తమ బండ్లకు బిగించుకున్న వాటిని, అది నార్టన్ అయినా 7ఆర్ అయినా, కేటలాగులో లేవన్న కారణంతో పీకేయకూడదని నా అభిప్రాయం.