కవబాత ‘మంచుదేశం’: ఋతువు, జీవిక

యసునారి కవబాత రచించిన ‘యుకిగుని’ (మంచుదేశం) నవలను సౌందర్యకావ్యంగా ప్రశంసించడం పరిపాటి. 1935 నుండి పత్రికలలో భాగాలుగా వెలువడి, 1948లో సమగ్రరూపం పొందిన ఈ చిన్న నవలకు 1956లో ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ ఆంగ్లానువాదం వచ్చినది. మనలో పెక్కుమంది దీనిని చదివినది ఆ అనువాదంలోనే. 1968లో కవబాతకు నోబెల్ బహుమానం లభించినపుడు పేర్కొనబడిన కృతులలో ఇదీ ఒకటి. ఆ ప్రశంసతో నాకు పేచీ లేదు. కాని నవలలోని ఒక ముఖ్యవిషయం దాని వలన మరుగుపడినదని చెప్పక తప్పదు. ఋతువును నమ్ముకొని బ్రతికే ఒక ఊరి కథ ఇది.

నవలలో ఊరి పేరు చెప్పబడలేదు. అది నీగత ప్రాంతంలోని యుజవ అనే వేడినీటి బుగ్గల ఊరు. 1931లో షిమిజు సొరంగం తెరువబడిన పిమ్మట టోక్యో జనానికి అది సమీపమైనది. శీతకాలంలో స్కీ ఆటకు, శరత్తులో మేపుల్ ఆకుల ఎరుపు చూచుటకు అతిథులు వస్తారు. తండ్రి ఆస్తిపై సుఖంగా బ్రతికే షిమమూర అక్కడికి మూడు మారులు వచ్చినాడు. ఒకమారు లేజివురుల వేళ; మరొకమారు స్కీ ఋతువుకు ముందు, సత్రం దాదాపు ఖాళీగా ఉన్నపుడు; ఇంకొకమారు శరత్తులో. అతనికి ఇవి మూడు దృశ్యాలు. గెయిషాగా విందులలో వినోదం కూర్చి బ్రతికే కొమకొకు మాత్రం ఇవే ఆదాయపు హెచ్చుతగ్గులు. శరత్తులో ఆమె విందునుండి విందుకు పరుగెత్తుతూ, మధ్య మధ్య తప్పతాగి అతని గదికి వచ్చిపోతూ ఉంటుంది. విమర్శకులు దీనిని ప్రణయావేశమన్నారు. అది పని ఒత్తిడి కూడా.

ఈ ఊళ్లో కట్టడాలకు సైతం రెండేసి బ్రతుకులు. మొదట కొమకొ నివసించిన అటకగది ఒకప్పుడు పట్టుపురుగులను పెంచినది. చివర అగ్నికి ఆహుతియైన సినిమాశాల నిజానికి పట్టుగూళ్ల గిడ్డంగి. ఒక ఋతువు చాలించిన చోటును మరొక ఋతువు అద్దెకు పుచ్చుకొంటుంది. రచయిత ఈ మాటను వ్యాఖ్యానించక, వస్తువులచేతనే చెప్పించినాడు.

కొమకొ చదివిన కథలన్నిటినీ పుస్తకాలలో వ్రాసి పెట్టుకొంటుంది. షిమమూర దృష్టిలో అది వ్యర్థశ్రమ. ఈ తీర్పు చెప్పువాడెవరు? ఒక్కమారైనా చూడని పాశ్చాత్య నృత్యాలను గూర్చి వ్యాసాలు వ్రాయువాడు! అతడు వేసవిలో ధరించే చల్లని చిజిమి వస్త్రం ఆ ప్రాంతపు కన్యలు మంచులో నేసి, మంచుపైనే చలువ చేసినది. ఆ శ్రమను తలచి అతడు పరవశించగలడు. ఎదుటనున్న స్త్రీ శ్రమను మాత్రం లెక్కకు తెచ్చుకొనలేడు. నవలకు ప్రాణమైన వ్యంగ్యం ఇదే.

అయినను ఒక లోపమున్నది. కొమకొ ఈ వృత్తిలోనికి వచ్చుటకు కారణం సంగీతగురువు కుమారుని వైద్యఖర్చులని మనం తొలుత వినునది ఒక అంధురాలైన మర్దనకారిణి నోట. కొమకొ దానిని పూర్తిగా ఒప్పుకొనదు. అతిథి చూపును దాటి కవబాత ఎన్నడూ పోలేదు. ఆ చూపు దరిద్రమైనదని తెలిసియూ దానిని విడువలేదు. అతిథి వెడలిపోయిన పిమ్మట ఆ ఊరు ఎట్లు గడచునో మనకు తెలియదు.

1982లో యుజవకు షింకన్‌సెన్ వేగరైలు వచ్చినది. 1990లో స్కీ మైదానపు పాదంలోనే గాల యుజవ స్టేషను వెలసినది. అక్కడికి రైళ్లు నడచునది స్కీ ఋతువులోనే. మంచు కరగిన తరువాత స్టేషను కూడా పని మానుకొంటుంది. కవబాత ఊహించినదానికంటె లోకం ఒక అడుగు ముందుకే పోయినది.

మన రచయితలు గుల్మర్గు మంచును వర్ణించిన వేళలలో, తమను ఎక్కించుకొని మంచుబండి లాగినవాడు వేసవిలో ఏమి చేయునని ఎందరు అడిగినారు? తెల్లదనాన్ని వర్ణించుట తప్పు కాదు. అడుగవలసిన ఆ ఒక్క ప్రశ్న అడిగిన పిమ్మట వర్ణించినచో, ఆ తెల్లదనానికి బరువు కూడా వచ్చును.