పర్లేదు

తెల్లవారుజామున నాలుగున్నరకి వాసనకే మెలకువ వచ్చింది. నిద్రమత్తులో భోగిమంట అనుకున్నాను. మార్కాపురంలో మా ఇంటి ముందు విరిగిన కుర్చీలూ పాత చాపలూ వేసి మండించేవాళ్ళం, అలాంటి వాసన. కాసేపటికి ఇది ఆగస్టని గుర్తొచ్చింది. ఉన్నది ఉత్తర కాలిఫోర్నియా అనీ, పక్కన గురకపెడుతున్నది అమ్మ కాదు మా తోడికోడలనీ గుర్తొచ్చింది. హెడ్‌ల్యాంప్ వేసి బయటికి వస్తే టెంటు మీద బూడిద రేకులు. వాటిలో ఒక పైన్ ఆకు, సూదిలా సన్నగా, కాలినా ఆకారం చెడకుండా నల్లగా పడివుంది. వేలితో తాకితే పొడై రాలిపోయింది.

మేమిద్దరం ఏటా ఒక వారం పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్ మీద నడుస్తాం. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,650 మైళ్ళ కాలిబాట అది. దమ్మున్నవాళ్ళు ఐదు నెలల్లో ఒక్క ఊపున నడిచేస్తారు. మాది మాత్రం ఇంటి లోను తీర్చినట్టు వాయిదాల పద్ధతి. ఈ లెక్కన కెనడా చేరేసరికి నాకు ఎనభై వస్తుంది. తోడికోడల్ని నేను అక్క అనే పిలుస్తాను, నాకంటే ఆరేళ్ళు పెద్ద. హైదరాబాద్‌లో పదిహేనేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి వచ్చిన మనిషి. మా ఆయనకీ బావగారికీ నడక పడదు. మమ్మల్ని ఒకచోట కార్లో దింపడం, వారం తర్వాత ఇంకోచోట ఎక్కించుకోవడం వాళ్ళ వంతు. తోడికోడలు అన్న మాటలో తోడు ఉందని పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి ఈ దారిలోనే తట్టింది. అంతకుముందు ఆ మాట వింటే వంటిల్లే గుర్తొచ్చేది.

ఆ రోజు మేం దాటాల్సింది హ్యాట్ క్రీక్ రిమ్. పొడవాటి గట్టు అది, దాదాపు ముప్ఫై మైళ్ళు వాగూ లేదు, ఊటా లేదు. 1987లో కాలిపోయిన నేల కావడంతో నీడ కూడా తక్కువే. మనిషికి ఐదు లీటర్ల నీళ్ళు, అంటే ఐదు కిలోలు, మామూలు బరువు మీద అదనం. అయినా జనం ఆ గట్టంటే ఇష్టపడతారు. వెనక్కి తిరిగితే లాసెన్ శిఖరం, ముందుకి చూస్తే మంచు కప్పుకున్న 14,179 అడుగుల శాస్తా. రెండూ అగ్నిపర్వతాలే. మాకు ఆ రోజు పొగలో రెండూ కనబడలేదు.

అంతకు ముందు రెండ్రోజులు నడిచింది కూడా కాలిన అడవిలోనే. 2021లో డిక్సీ కార్చిచ్చు 9 లక్షల 63 వేల ఎకరాలు తినేసింది. గ్రీన్‌విల్ అన్న ఊరు ఆగస్టు 4న దాదాపు మొత్తంగా బూడిదైంది. ట్రయల్ ఆ మాడిన మోళ్ళ మధ్య నుంచే పోతుంది. మా చిన్నప్పుడు ఎండాకాలం రాత్రిళ్ళు డాబా మీద పడుకుంటే నల్లమల కొండల మీద మంట సన్నటి గీతలా పాకుతూ కనబడేది. అది ఎక్కువగా నేల మీది ఎండుటాకుల మంట, చెట్టు మొదలు నాకి వెళ్ళిపోయేది. ఇక్కడ మంట చెట్ల తలల మీద పరిగెడుతుంది. ఇందులో మనుషుల పాత్రా ఉంది. ఎక్కడ మంట లేచినా మర్నాడు పొద్దున పదింటికల్లా ఆర్పెయ్యాలని 1935లో అమెరికా అటవీశాఖ నియమం పెట్టుకుంది. అడవిని చిన్న చిన్న మంటలతో శుభ్రం చేసుకునే కారుక్, యూరోక్ ఆదివాసీ జాతుల పద్ధతిని అంతకుముందే ప్రభుత్వం నేరం చేసేసింది. దశాబ్దాల పాటు ఊడవని ఇంట్లో చెత్త పేరుకున్నట్టు అడవి నిండా ఎండు పుల్ల పేరుకుంది. దానికి ఎండలూ కరువులూ తోడయ్యాయి. నా కోపం మంట మీద కాదు, ఆ పదింటి లెక్క మీద.

పొద్దున గట్టెక్కేసరికి మాకు గాలి బాగానే ఉంది. కింద హ్యాట్ క్రీక్ లోయ మాత్రం పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలగిన్నెలా, అంచుల దాకా తెల్లటి పొగ. రాత్రి చల్లగాలి లోయలో దిగబడి పొగని పైకి పోనివ్వదు. ఎండెక్కి నేల కాగాక పొగ లేస్తుంది. అంటే పొద్దున ఎత్తులో ఉన్నవాడు అదృష్టవంతుడు, మధ్యాహ్నం కాదు. ఈ సంగతి మాకు తెలుసు. మధ్యాహ్నానికల్లా గట్టు దాటేస్తాం అనుకున్నాం, అదీ మా మూర్ఖత్వం. ఐదు కిలోల నీళ్ళతో యాభై ఏళ్ళ ఆడవాళ్ళు ఎంత దూరం పోతారు?

పదకొండింటికి సూర్యుడు రాగి చెంబు అడుగులా కనబడ్డాడు, నేరుగా చూసినా కళ్ళు చిట్లించనక్కర్లేదు. ఎన్95 మాస్కులు పెట్టుకున్నాం. పొగలో ప్రమాదకరమైన రేణువు రెండున్నర మైక్రాన్ల లోపు ఉంటుంది, తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. చున్నీ కట్టుకుంటే మనసుకి ధైర్యం తప్ప ఊపిరితిత్తులకి ఒరిగేదేమీ లేదు. అయితే మాస్కుకీ ఒక చిక్కుంది. ఎండలో లోపల ఉడికిపోతుంది, చెమటకి తడిసి ముక్కుకి అతుక్కుంటుంది. నీళ్ళు తాగాలంటే ప్రతిసారీ తియ్యాలి కాబట్టి తాగడం తగ్గిపోతుంది. తగ్గిందని తెలియను కూడా తెలియదు. నా సంచిలో నీటి బరువు తగ్గకపోతుంటే, ఇంకా చాలా నీళ్ళున్నాయని సంతోషించాను.

జంట నడక గురించి నన్ను చాలామంది అడుగుతారు. బూట్లేవి, సంచి ఎంత బరువు, ఎలుగుబంటి వస్తే ఏం చేస్తారు అని. మాకు ఎలుగుబంటి వల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇబ్బందల్లా 'పర్లేదు' అన్న మాటతో. పెళ్ళివారింట్లో కూర చాలకపోయినా పర్లేదు, జ్వరం నూటరెండున్నా పర్లేదు, కొత్త చెప్పు మడమ కొరికేస్తున్నా పర్లేదు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని నేర్పిన మర్యాద అది. దారి మీద ఆ మర్యాదంత ప్రమాదం ఇంకోటి లేదు. ఒకళ్ళ ఒంటి సంగతి రెండోవాళ్ళకి తెలియకపోతే, ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమంటూ ఉండదు. అందుకే రెండో ఏడాదే ఒప్పందం చేసుకున్నాం. పోదాం అనడానికి ఇద్దరూ కావాలి, ఆగుదాం అనడానికి ఒకరు చాలు, కారణం అడక్కూడదు. పర్లేదు అన్న మాట నిషేధం.

ఆ మధ్యాహ్నం ఒంటిగంటకి కణతల్లో సుత్తితో కొడుతున్నట్టుంది. పొగో, ఎండో, తాగని నీళ్ళో. అక్క వెనక్కి తిరిగి, "ఎలా ఉందే?" అంది.

"పర్లేదక్కా."

అక్క ఆగిపోయింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, ఎర్రగా. తిట్టలేదు. "పదమూడో ఎక్కం చెప్పు," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. ఐదు దాకా సాఫీగానే పోయింది. పదమూడార్ల దగ్గర కాళ్ళ కింద మెట్టు లేనట్టయింది. చాలాసేపటికి "డెబ్బై రెండు" అన్నాను. ఏదో తేడాగా వినబడింది, ఏమిటో తేలలేదు.

"ఆగుదాం," అంది అక్క.

ఒప్పందం ప్రకారం కారణం అడగలేదు. ముందు ఒక మట్టి రోడ్డు బాటని దాటుతుంది, అక్కడిదాకా మెల్లగా, మాట్లాడుతూ నడవగలిగే వేగంలోనే పోయాం. ముక్కుతో పీల్చి ముక్కుతో వదలాలి, నోరు తెరిచి రొప్పాల్సి వస్తే నిలబడాలి. ఫోనులకి సిగ్నల్ లేదు. శాటిలైట్ పరికరం మీద బావగారికి మెసేజ్ పెడితే, వెళ్ళి రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆయన జవాబులో ఒకటే మాట: "బయల్దేరాం." రోడ్డు పక్కన జూనిపర్ పొద నీడలో కూచుని, అక్క నా చేత రెండు లీటర్లు గుక్క గుక్కగా తాగించింది. మూడున్నరకి పొగ ఎంతగా కమ్మేసిందంటే వంద గజాల అవతలి పొద కూడా మాయమైంది.

కారు ఏసీ తగిలాక నాకు ప్రాణం లేచొచ్చింది. వెనక సీట్లో అక్క కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"పదమూడార్లు డెబ్బై ఎనిమిది," అంది ఉన్నట్టుండి.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం? అప్పుడే తప్పని పట్టేశావుగా."

"పట్టలేదే," అంది అక్క, కళ్ళు తెరవకుండానే. "నువ్వు డెబ్బై రెండు అంటే అది తప్పో ఒప్పో నాకు తేలలేదు. నాకే తేలలేదంటే ఇంకేం నడుస్తాం?"