ఆవరణ, అనుబంధం: అలీగఢ్ తొలి తరంపై ఒక పరిశీలన

అల్పసంఖ్యాక వర్గం తన పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక ఆవరణను ఏర్పరచుకుంటే అది వారిలో ఆత్మీయతను పెంపొందిస్తుందా, లేక తక్కిన సమాజం నుంచి వారిని వేరు చేస్తుందా? ఈ ప్రశ్నను పరీక్షించడానికి అలీగఢ్ చరిత్ర కంటే తగిన ఉదాహరణ అరుదు. 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అక్కడ స్థాపించిన విద్యాలయంపై డేవిడ్ లెలివెల్డ్ రచించిన ‘అలీగఢ్స్ ఫస్ట్ జనరేషన్’ (1978) ఈ దృష్టితో చదవదగిన గ్రంథం.

అలీగఢ్‌ను గురించి సాధారణంగా రెండు తీర్పులు వినిపిస్తాయి. ముస్లింల పునరుజ్జీవనానికి అది పుట్టినిల్లని కొందరంటారు. దేశవిభజనకు బీజం అక్కడే పడిందని మరికొందరంటారు. లెలివెల్డ్ ఈ వాదాలకంటే విద్యార్థుల దినచర్యపై ఎక్కువ దృష్టి నిలిపారు. కళాశాలలో హిందూ విద్యార్థులు, అధ్యాపకులు మొదటినుంచీ ఉన్నారు. సున్నీలకు, షియాలకు మతబోధ వేరువేరుగా జరిగేది. అయినా ఇల్లు విడిచి వచ్చిన ముస్లిం బాలురకు వసతిగృహమే కుటుంబమయింది. ఒకే భోజనశాల, క్రికెట్ మైదానం, యూనియన్ క్లబ్బులో చర్చలు - వీటి మధ్యనే వారిలో ఒక సమష్టి భావం రూపుదిద్దుకుంది. ఐకమత్యం వారికి వారసత్వంగా సంక్రమించలేదనీ, కలిసి జీవించడంవల్ల అలవడిందనీ నిరూపించడం ఈ గ్రంథం సాధించిన గొప్ప ప్రయోజనం.

అయితే ఆ ఐకమత్యం ఎంతమందిది? అక్కడ చేరినవారిలో అత్యధికులు ‘షరీఫ్’ కుటుంబాల పిల్లలని గ్రంథకర్తే స్పష్టంగా చెప్పారు. నేతపనివారు, ఇతర వృత్తులవారు ఆ గదుల్లో కనిపించరు. బాలికలకు అలీగఢ్‌లో షేక్ అబ్దుల్లా దంపతులు పాఠశాల ప్రారంభించింది 1906లో మాత్రమే. హిందువులకు, ముస్లింలకు మధ్య లేచిన గోడను గురించి ఇంత చర్చ జరిగినా, ముస్లింలలోనే కొందరిని బయట నిలిపిన గోడకు తగినంత ప్రాధాన్యం లభించలేదు. గ్రంథం ఉపశీర్షికలోని ‘ముస్లిం సంఘీభావం’ అనే మాటను ఈ పరిమితితోనే గ్రహించాలి.

ఈ సందర్భంలో హైదరాబాదు అనుభవం గమనార్హం. మొదటి సాలార్‌జంగ్ కాలంనుంచి ఉత్తరాది విద్యావంతులు నిజాం కొలువులో ఉన్నతోద్యోగాలు పొందారు. తరువాతి కాలంలో అలీగఢ్ కళాశాల కార్యదర్శులైన మొహ్సినుల్ముల్క్, వికారుల్ముల్క్ ఇద్దరూ అంతకుముందు అక్కడ పనిచేసినవారే. మతం ఒకటే అయినా, ఉర్దూ ఉమ్మడిగా ఉన్నా, స్థానిక ముస్లింలలో పలువురు ఇలా వచ్చినవారిని గైర్‌ముల్కీలుగానే భావించారు. ఉద్యోగాల పోటీ ఎదురైనప్పుడు సమష్టి భావానికి హద్దులు బయటపడ్డాయి.

ఇక వేర్పాటు మాట. 1883 నుంచి 1899 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న థియోడోర్ బెక్ విద్యార్థులను కాంగ్రెసుకు దూరంగా ఉంచడానికి శాయశక్తులా కృషి చేశారు. కాని 1907లో ఐరోపా అధ్యాపకుల పెత్తనంపై తిరగబడినవారు ఆ కళాశాల విద్యార్థులే. 1920లో సహాయనిరాకరణకు పిలుపునిస్తూ వచ్చిన మౌలానా మహమ్మద్ అలీ అక్కడ చదివినవారే. ఆయన వెంట నడిచినవారు అదే సంవత్సరం అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియాను స్థాపించారు. 1940 దశకంలో పాకిస్తాన్ ఉద్యమానికి ఉత్సాహవంతులైన కార్యకర్తలను అందించినదీ అలీగఢే. ఒకే ఆవరణనుంచి ఇన్ని మార్గాలు బయలుదేరినప్పుడు, వేర్పాటుకు ఆవరణ ఒక్కటే కారణమనడం చరిత్రకు అన్యాయం.

లెలివెల్డ్ ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దంతోనే ఆగారు కనుక ఈ పరిణామాలు ఆయన కథనానికి వెలుపలే మిగిలాయి. అయినా వీటిని అర్థం చేసుకోవడానికి పునాది ఆయన గ్రంథంలోనే లభిస్తుంది. దుర్బల వర్గానికి తనదైన చోటు అవసరమే. అక్కడ పొందిన ధైర్యమే నలుగురిలోకి నడిపిస్తుంది. అయితే అటువంటి సంస్థలను నిర్వహించేవారు తమను రెండు విషయాలు ప్రశ్నించుకోవాలి: మనవారిలో ఎవరు ఇంకా గుమ్మం బయటే ఉన్నారు? లోపల చదివినవారు బయటి సమాజంలో ఎవరితో కలిసి పనిచేస్తున్నారు? వీటికి సంతృప్తికరమైన సమాధానం లేని సంస్థ ఎంత ఘనకీర్తి గడించినా దాని ప్రయోజనం అసంపూర్ణమే.